మా ఆయన దుబాయి నుంచి వచ్చేశాడు, నాకు ఇంట్లో ఊపిరాడటం లేదు

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నాకు 44 ఏళ్ళు. 1999లో పెళ్ళయింది. 2001లో మా ఆయన దుబాయి పోయాడు. అప్పటికి బిడ్డకు ఏడాది, కొడుకు కడుపులో ఉన్నాడు. రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలు ఉండేవాడు. కరోనా అప్పుడు మూడేళ్ళు రాలేదు. ఆయన పంపిన పైసలు, నా బీడీల పైసలు కలిపి పిల్లల్ని చదివించాను, స్లాబు ఇల్లు కట్టించాను, బిడ్డ పెళ్ళి చేశాను. మొదట్లో బ్యాంకుకు పోవాలంటే మరిదిని తోడు తీసుకెళ్ళేదాన్ని. ఇప్పుడు మహిళా సంఘం లీడర్‌ని, లోన్ కాగితాల మీద నేనే సంతకం పెడతాను.

కంపెనీ పని ఆగిపోయిందని ఆయన పూర్తిగా వచ్చేసి ఎనిమిది నెలలైంది. తాగడు, చెయ్యెత్తడు. కానీ పొద్దున నాలుగింటికే లేచి లైటేస్తాడు. సూట్‌కేసు ఇప్పటికీ సర్దలేదు, తాళం వేసి మంచం కిందే పెట్టుకుంటాడు. "ఇన్నేండ్లు పంపిన పైసలన్నీ ఏం చేసినవ్?" అని అడుగుతాడు. "నేనొచ్చినంక నీకు సంఘం ఎందుకు?" అంటాడు. నాకు ఒక్క మాట చెప్పకుండా తమ్ముడికి లక్షన్నర ఇచ్చాడు. ఆదివారం చికెన్ తనే వండుతానంటాడు, ఇరుగుపొరుగు నవ్వుతారని నేనే వద్దన్నాను. అక్కడ షట్టరింగ్ పని చేసేవాడు, ఇక్కడ ఆ పనికి పోవాలంటే నామోషీ. రాత్రి పక్కన మనిషి ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు, బీడీల అర్రలో పడుకుంటున్నాను. మా కొడుకైతే "బాపు ఫోన్లనే మంచిగుండె" అంటున్నాడు.

మొన్న ఆయన, "నీకు నేను బరువైతే మళ్ళ పోత, దోస్తు వీసా పంపుతా అంటున్నడు" అన్నాడు. ఆ మాట వినగానే 'పోతే బాగుండు' అనిపించింది. ఆ రాత్రంతా ఏడ్చాను. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి ఇంటికొస్తే పొమ్మనాలనిపిస్తోంది. నేను చెడ్డదాన్నా?

(పేరు, ఊరు రాయవద్దన్నారు)

సమాధానం: చెల్లెమ్మా, మీరు చెడ్డవారు కారు. ఆ మాట ముందు మనసులోంచి తీసేయండి, మిగతాది మాట్లాడుకుందాం.

మీరు రాసిన లెక్కే ఒకసారి వేసి చూడండి. పెళ్ళయ్యాక కలిసి ఉన్నది రెండేళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళకోసారి రెండు నెలలు, మధ్యలో కరోనా. అన్నీ కూడినా నాలుగేళ్ళు నిండవు. పెళ్ళై పాతికేళ్ళు దాటిందని ఊరు అనుకుంటోంది, మీరూ అనుకుంటున్నారు. కాపురం మాత్రం ఇప్పుడే మొదలైంది. అదీ పద్దెనిమిదేళ్ళ పిల్లగా కాదు, ఒక ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషిగా.

ఆ రెండు నెలల సెలవులు ఎలా గడిచేవో గుర్తు చేసుకోండి. వచ్చిన వారం రోజులు ఇంటినిండా చుట్టాలు. సెంటు సీసాలు, దుప్పట్లు, టైగర్ బామ్ పంచడం. తర్వాత పెళ్ళిళ్ళు, వేములవాడ మొక్కులు, ఆగిపోయిన రిజిస్ట్రేషన్ పనులు. చివరి పదిహేను రోజులు పచ్చళ్ళు, పొడులు కట్టడం, ఏడుపు. ఎల్లుండి పోయే మనిషితో ఎవరైనా పోట్లాడతారా? నచ్చనిదేదైనా ఉంటే 'పోనీలే, పోయేవాడే కదా' అని మింగేసి ఉంటారు. ఆయన కూడా అంతే. ఇరవై ఏళ్ళుగా మీరిద్దరూ ఒకరికొకరు పండగ పూట మొహాలే చూపించుకున్నారు. మామూలు మంగళవారం మధ్యాహ్నం ఆయన ఎలా ఉంటాడో మీకు తెలియదు, మీరు ఎలా ఉంటారో ఆయనకు తెలియదు. ఎనిమిది నెలలుగా మీ ఇంట్లో జరుగుతున్నది ఈ తెలుసుకోవడమే. కష్టంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మగవాళ్ళు పోయినప్పటి కష్టం గురించి అందరూ మాట్లాడతారు. వచ్చాక ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ మాట్లాడరు. వచ్చాడంటే అంతా బాగైపోయినట్టే అనుకుంటారు. అందుకే ఆడవాళ్ళు మీలాగే తమలో ఏదో తప్పుందని రాత్రిళ్ళు ఏడుస్తున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపేసింది సూట్‌కేసు తాళం. మీకది అనుమానంగా, అవమానంగా అనిపించి ఉంటుంది. లేబర్ క్యాంపులో గది ఎలా ఉంటుందో ఆయన మీకు ఎప్పుడైనా చెప్పాడా? ఒక గదిలో ఎనిమిది మంది, పది మంది. మంచం మీద మంచం. మనిషికి దక్కేది ఆ మంచమంత జాగా. సొంతమని చెప్పుకోవడానికి మంచం కింద పెట్టె, ఆ పెట్టెకు తాళం. పాస్‌బుక్కు, పిల్లల ఫొటోలు, మందుబిళ్ళలు, అన్నీ అందులోనే. 24 ఏళ్ళు అలా బతికిన మనిషి చేతికి ఆ తాళం అలవాటైపోయింది. నాలుగింటికి లేవడమూ అంతే. బాత్‌రూమ్ దగ్గర లైన్ పెరగకముందే స్నానం చేసి, డబ్బాలో అన్నం సర్దుకుని, కంపెనీ బస్సు ఎక్కాలి. అక్కడ ఎండాకాలంలో, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. మంచి నియమమే, కానీ దానివల్ల పని ఇంకా తెల్లవారకముందే మొదలవుతుంది. మీ ఇంట్లో ఆ బస్సు రాదని ఆయన శరీరానికి ఇంకా తెలియలేదు.

ఇవన్నీ ఆయన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. లైటు వేస్తే మీ నిద్ర చెడుతుంది, అది నిజం. "నాలుగింటికి లేస్తే లేవండి, లైటు మాత్రం వంటింట్లో వేసుకోండి" అని చెప్పండి. చిన్న మాట. ఎనిమిది నెలలుగా చెప్పకుండా మింగుతున్నారని నా అనుమానం, ఎందుకంటే సెలవుల్లో మింగడం అలవాటైంది కదా. సూట్‌కేసు గురించి మాత్రం ఏమీ అనకండి. బీరువాలో ఒక అర పూర్తిగా ఖాళీ చేసి, "ఇది మీది" అని చెప్పి వదిలేయండి. మీరు కట్టించిన ఇంట్లో ఆయన వస్తువు పెట్టుకునే చోటు ఉందా అసలు? ఒకసారి చూడండి. ఆయన లేకుండా అమర్చుకున్న ఇల్లు అది. ఏ గూట్లో ఏముందో ఆయనకు తెలియదు. చుట్టంలా ఉండిపోతున్నాడంటే సగం కారణం అక్కడుండవచ్చు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. "పంపిన పైసలన్నీ ఏం చేసినవ్?" ఆ ప్రశ్న మీకు దొంగతనం అంటగట్టినట్టు వినిపిస్తోంది. బీడీలు చేసి చేసి నడుం వంగిన మనిషిని ఆ మాట అడిగితే కడుపు మండదా? నాకూ మండింది చదువుతుంటే.

కానీ ఇంకొకటి కూడా వినిపించింది. 2001లో దిర్హాం మన డబ్బులో 12, 13 రూపాయలు. ఆయన పోయేటప్పుడు ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు నూటికి రెండో మూడో రూపాయల మిత్తి కట్టే ఉంటారు. మొదటి కొన్నేళ్ళ సంపాదన ఆ అప్పుకే పోయి ఉంటుంది. అది మీకు తెలుసు. ఆయన చేతిలో మాత్రం నెలనెలా పంపిన రసీదు తప్ప ఇంకేమీ లేదు. ఇటుక పేర్చడం చూడలేదు. స్లాబు పోసిన రోజు ఊళ్ళో లేడు. కొడుకు పుట్టినప్పుడు లేడు. ఆ పైసలు అంటే ఆయన వయసు. 'నా వయసంతా ఎటు పోయింది' అని అడగడం చేతకాక 'పైసలు ఏమైనయ్' అని అడుగుతున్నాడేమో అని నాకనిపిస్తోంది. నా ఊహ తప్పు కావచ్చు, మీరు పక్కనుండి చూస్తున్నారు, మీకే బాగా తెలుస్తుంది.

కాబట్టి చూపించండి. సంజాయిషీలా వద్దు, సంఘం పుస్తకం రాసినట్టు రాసి చూపించండి. ఆ పని మీకు కొత్త కాదు. పెద్ద నోటుబుక్కు తీసుకుని ఒక పక్క ఆయన పంపినవి, అవి ఎక్కడెక్కడికి పోయాయో రాయండి: వీసా అప్పు, మిత్తి, బోరు, ఇల్లు, ఫీజులు, ఆస్పత్రి ఖర్చులు, బిడ్డ పెళ్ళి, బంగారం. ఇంకో పక్క మీ బీడీల సంపాదన రాయండి. ఇది తప్పకుండా రాయండి, ఎందుకంటే ఆ పైసలు ఎవరికీ కనబడవు. తునికాకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకుని తంబాకు నింపి చుట్టి, 25 బీడీలకో కట్ట చొప్పున వెయ్యి బీడీలకు నలభై కట్టలు కట్టి కార్ఖానాకు మోయడం, అందులో కొన్నింటిని వాళ్ళు బాగాలేవని పక్కన పడేయడం, నెలకు పదిహేను రోజులు కూడా ఆకు దొరకని నెలలు, ఇవన్నీ ఆయనకు ఫోన్లో ఎప్పుడైనా చెప్పారా? 'ఏం చేస్తున్నవ్' అని ఆయనడిగితే 'బీడీలు చేస్తున్న' అనే ఉంటారు. ఆయన 'తిన్నవా' అని ఉంటాడు. అక్కడితో మాట అయిపోయి ఉంటుంది. అక్కడ ఆయన మోసిన బరువు మీరు చూడలేదు, ఇక్కడ మీరు మోసింది ఆయన చూడలేదు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క పూట కూర్చోండి. బిడ్డ, అల్లుడు, మరిది ఎవరూ వద్దు, మీరిద్దరే.

తమ్ముడికిచ్చిన లక్షన్నర దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. అది తప్పు. ఆయన సంపాదనే కావచ్చు, కానీ ఇన్నేళ్ళు ఆ ఇంటి ప్రతి రూపాయి మీ చేతి మీదుగా నడిచింది, ఆ నమ్మకం మీద ఆయన పంపాడు. ఇప్పుడు మీకు చెప్పకుండా తీయడం సరికాదు. కోపంగా కాకుండా గట్టిగా చెప్పండి: ఇకమీద ఐదు వేలు దాటితే ఎవరు ఖర్చు పెట్టినా, ఎవరికి చేబదులు ఇచ్చినా రెండోవారికి ముందే చెప్పాలి. ఈ షరతు మీకూ వర్తిస్తుంది. మరిది దగ్గర కనీసం ఒక కాగితమైనా రాయించుకోండి, తేదీతో సహా.

డబ్బు విషయం వచ్చింది కాబట్టి కొన్ని పనులు చెబుతాను, వాయిదా వేయకండి. ఆయనకు ఎన్నారై ఖాతా ఉంటే, తిరిగొచ్చేశారు కాబట్టి దాన్ని మామూలు ఖాతాగా మార్పించాలి. అదే రోజు ఇద్దరి పేర్ల మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా, జాయింట్ ఖాతా తెరవండి, నామినీ రాయించండి. రేషన్ కార్డులో ఆయన పేరు ఉందో లేదో మీసేవలో చూసుకోండి. పొలం ఆయన పేరు మీదుంటే 59 ఏళ్ళ లోపు వాళ్ళకు రైతు బీమా ఐదు లక్షలు ఉంటుంది, అందులో పేరు ఎక్కిందో లేదో మండలంలో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, కంపెనీ సర్వీసు డబ్బులు (గ్రాట్యుటీ) ఇచ్చిందా? అక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజుల జీతం లెక్కన రావాలి. కంపెనీలు మారి ఉంటే చివరి కంపెనీలో ఎన్నేళ్ళు చేశాడో చూడాలి. పని పోయి వచ్చేసే కంగారులో చాలామంది ఇది అడగకుండానే విమానం ఎక్కేస్తారు. ఆలస్యమైతే అడిగే గడువు దాటిపోతుంది. దుబాయిలోని మన కాన్సులేట్‌కు రాయవచ్చు, కేంద్ర ప్రభుత్వ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టవచ్చు. మీ అబ్బాయి ఫోన్లోనే చేసిపెట్టగలడు.

సంఘం సంగతికి వస్తే, మానకండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దని చెబుతున్నాను. మరిదిని తోడు తీసుకుని బ్యాంకుకు పోయిన మనిషి ఈరోజు పది మంది లోన్‌కు సంతకం పెడుతోంది. ఆ మనిషి ఆయన లేని లోటు పూడ్చడానికి తాత్కాలికంగా వచ్చింది కాదు, ఆయన వచ్చాడని వెళ్ళిపోవడానికి. అది మీరే. "సంఘం మాననండి, మీటింగు రోజు వంట ముందే చేసి పోతాను" అనొచ్చు. లేదా, ఆ రోజు వంట ఆయన్నే చేయమనండి.

అవును, చికెన్ వద్దనడం మీరు చేసిన పొరపాటు, చెల్లెమ్మా. క్యాంపుల్లో మగవాళ్ళు వంతులవారీగా వండుకుంటారు. పది మందికి కూర వండిన చేయి అది. ఈ ఇంట్లో ఆయన బాగా చేయగలిగిన పని ఒకటుంటే, నలుగురు నవ్వుతారని మీరే ఆపేశారు. ఆయన మీ సంఘాన్ని వద్దనడం ఎలాంటిదో, మీరు ఆయన గరిటెను లాక్కోవడం కూడా అలాంటిదే. నవ్వేవాళ్ళు రెండు వారాలు నవ్వుతారు. ఈ ఆదివారం పొయ్యి ఆయనకు వదిలేసి మీరు బయట అరుగు మీద కూర్చోండి. ఉప్పెక్కువైందని మాత్రం అనకండి.

షట్టరింగ్ పనికి నామోషీ అన్నారు. ఊళ్ళో చాలామంది మగవాళ్ళను ఇది లోపల తినేస్తుంది. 'దుబాయి పోయొచ్చి మళ్ళీ ఇక్కడ కూలికా' అంటారని భయం. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలలో కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి, అనుభవమున్న మేస్త్రీలు దొరక్క కాంట్రాక్టర్లు ఇబ్బంది పడుతున్నారు. సొంత ఊళ్ళో కాకుండా పట్నంలో మొదలుపెడితే మొదటి సిగ్గు తగ్గుతుంది. ఒక హెచ్చరిక: ఆయనకు దుకాణం పెట్టిద్దామని మీ సంఘం లోన్ గానీ స్త్రీనిధి గానీ ఇప్పుడే మీ పేరు మీద తీయకండి. పని చేతిలో లేని టెన్షన్‌లో తొందరపడి పెట్టిన దుకాణం మునిగితే అప్పు మీ మెడకు, మాట మీ సంఘానికి చుట్టుకుంటుంది. ఆర్నెల్లు పని చేసి చూసి, అప్పుడు ఆలోచించండి.

రాత్రి పక్కన మనిషి ఉంటే నిద్ర పట్టడం లేదన్నారు. ఈ మాట రాయడానికి మీరు ఎంత సంకోచించి ఉంటారో అర్థమవుతోంది. ఇందులో పాపమేమీ లేదు. ఇరవై ఏళ్ళు ఒంటరిగా పడుకున్న ఒళ్ళు మారడానికి టైమ్ పడుతుంది. మీ వయసులో నెలసరి తగ్గుముఖం పట్టే మార్పులు కూడా నిద్రను చెడగొడతాయి, ఒకసారి లేడీ డాక్టర్‌కు చూపించుకోండి. కానీ చెప్పాపెట్టకుండా బీడీల అర్రలోకి పోతే ఆయనకు అది తలుపు మూసినట్టు అనిపిస్తుంది. "నాకు నిద్ర పట్టక అక్కడ పడుకుంటున్న, మీ మీద కోపం లేదు" అని చెప్పండి. ఒకే గదిలో రెండు మంచాలు వేసుకోండి. లైటార్పాక ఓ అరగంట మాట్లాడుకోండి. క్యాంపులో ఎవరెవరు ఉండేవారు, ఏం వండేవారు, ఎవరికి జ్వరమొస్తే ఎవరు చూసేవారు, అడగండి. ఫోన్లో ఆయన మీకు చెప్పనివి చాలా ఉంటాయి. మీరు బాధపడతారని దాచినవి. మీరూ దాచారు కదా. మిగతా దగ్గరితనం ఇద్దరికీ ఇష్టమైనప్పుడు వస్తుంది, రాకపోతే ఎవరూ బలవంతపెట్టే విషయం కాదది.

ఆయనకు బీపీ, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించారా? ఎండలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ఇవి తప్పనిసరి. రాత్రిళ్ళు అసలు నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉంటే, మానసిక సాయం కోసం ఉన్న 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. ఇప్పటిదాకా చెయ్యెత్తలేదన్నారు, సంతోషం. ఎప్పుడైనా అది మారితే నేను చెప్పిన సర్దుబాటు మాటలన్నీ పక్కన పెట్టి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మీ అబ్బాయి మాట నన్ను బాధపెట్టింది. వాడి తప్పేమీ లేదు. వాడు కడుపులో ఉండగా పోయిన తండ్రి, వాడికి ఎప్పుడూ ఫోన్లో ఒక గొంతే. ఆ గొంతు ఫీజు కడుతుంది, బండి కొనిస్తుంది, తిట్టదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని జుట్టు ఎందుకలా పెంచావంటోంది. వాళ్ళిద్దరి మధ్య మీరు మాటలు మోయడం ఆపేయండి. 'బాపు అట్లంటున్నడు', 'కొడుకు ఇట్లంటున్నడు' అని ఇన్నేళ్ళూ మీరే మోశారు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఏదైనా పని అప్పజెప్పండి. ఆస్పత్రి, బ్యాంకు, ఆ సర్వీసు డబ్బుల ఫిర్యాదు, ఏదైనా సరే, ఇద్దరూ ఒకే బండి మీద పోయి రావాలి. మీరు వెంట పోవద్దు.

ఇక మీరు చివర్లో అడిగింది. పోతే బాగుండనిపించడం తప్పు కాదు. మీకు తెలిసిన కాపురం అదే కాబట్టి మనసు అటు పోయింది. ఆయన కూడా అంతే, తనకు మర్యాద దక్కిన చోటు అదే కాబట్టి అటు చూస్తున్నాడు. కానీ 'బరువైతే పోత' అని కోపంలో తీసుకునే నిర్ణయం కాదిది. వచ్చే దసరా దాకా ఆ మాట ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పుకోండి. అప్పటికీ పని చేయాలనే కోరికతో, ఆరోగ్యం బాగుండి, ఆయన పోతానంటే పోనివ్వండి, అది కాపురం చెడినట్టు కాదు. అలా పోయేటప్పుడైనా దోస్తు మాట మీద విజిట్ వీసా ఎక్కకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరున్న రిజిస్టర్డ్ ఏజెంట్ ద్వారానే పోవాలి, ఆ ఏజెంట్ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవడానికి వీల్లేదు. జీతం, పని, గది అన్నీ రాసిన కాంట్రాక్టు కాగితం మీరు కూడా చదవాలి. సంఘం కాగితాలు చదివే మీకు అది కష్టమేమీ కాదు. అప్పటిదాకా పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వనివ్వకండి.